ఊహా కణములు - కొలతల పొందిక

వార్షికోత్సవ దినమున మన భోజనశాలలో వంట జరుగుట విద్యార్థులందఱును చూచియే యుందురు. నూఱుగురికి అన్నము వండుటకు ఎన్ని మానికల బియ్యము, ఎంత ఎసరు కావలయునో వంటవానికి చక్కగా తెలియును. ఆనాడు మూడువందలమంది వచ్చెదరని విని అతడు బియ్యమును మూడింతలు చేసి, ఎసరును మాత్రము మొదటి కొలతనే యుంచినయెడల ఏమగును? మెతుకు ఉడుకక పలుకుగా నిలుచును, అడుగు మాడిపోవును. బియ్యపు కొలత తప్పు కాదు. ఎసరు కొలతయు, దానిని విడిగా చూచినచో, తప్పు కాదు. ఆ రెండింటికి నడుమ నుండవలసిన పొందికయే తప్పినది. ఈ చిన్న సంగతిని మనసున నుంచుకొని, నేటి భౌతికశాస్త్రజ్ఞులు చేయుచున్న ఒక గొప్ప వెదకులాటను చూతము.

స్విట్జర్లాండు దేశమున జెనీవా నగరము చెంత, ఫ్రాన్సు సరిహద్దున, సెర్న్ అను పరిశోధనాలయము కలదు. అచట నేలకు సుమారు 100 మీటర్ల అడుగున 27 కిలోమీటర్ల చుట్టుకొలతగల వలయాకారపు సొరంగమున్నది. అందు ప్రోటానులను ఎదురెదురుగా పరుగెత్తించి ఢీకొట్టించు యంత్రమునకు లార్జి హాడ్రాన్ కొలైడరు అని పేరు. 2008వ సంవత్సరమున అందు తొలిసారి ప్రోటానులను త్రిప్పిరి. ఢీకొను శక్తి 2010లో 7 టెరా ఎలక్ట్రాన్ వోల్టులుగా నుండి, 2012లో 8, 2015లో 13, 2022లో 13.6 వఱకు పెరిగెను. కణముల ద్రవ్యరాశిని గూడ ఈ శక్తి కొలతలతోనే చెప్పుట శాస్త్రజ్ఞుల వాడుక. ద్రవ్యరాశియు శక్తియు ఒకటి రెండవదిగా మాఱగలవని ఐన్‌స్టయిను 1905లో చూపెను గదా. ఈ వ్యాసమున మేము ఎలక్ట్రాన్ వోల్టు అను మాటను మాటిమాటికి వ్రాయక మెగా, గిగా, టెరా అని మాత్రమే వ్రాసెదము. 1000 మెగాలు 1 గిగా. 1000 గిగాలు 1 టెరా. ప్రోటాను ద్రవ్యరాశి సుమారు 0.94 గిగా.

ప్రోటానుకంటె ఎన్నో మడుగులు బరువైన కణములు కొన్ని ఇప్పటికే కనుగొనబడినవి. 1983లో సెర్న్‌లోనే డబ్ల్యూ, జెడ్ అను రెండు బోసానులు దొరకినవి. మొదటిది సుమారు 80.4 గిగాలు, రెండవది 91.19 గిగాలు. బోసాను అను పేరు మన దేశీయుడైన సత్యేంద్రనాథ బోసుగారి పేరునుండి వచ్చినదని విద్యార్థులు ఎఱుగుదురు. 1995లో అమెరికాలోని ఫెర్మీ ప్రయోగశాలలో టాప్ క్వార్కు కనుగొనబడెను. అది 173 గిగాలు. 2012 జూలై 4వ తేదీన హిగ్స్ బోసాను వార్త వెలువడెను. అది 125 గిగాలు. వీనికంటె బరువైనవి యింకను ఉండవచ్చునని పలువురు ఊహించుచున్నారు. అట్టి ఊహలలో ఒకటి జెడ్ బోసానునకు అన్నవంటిది. గుణములలో దానిని పోలి బరువులో మిక్కిలి పెద్దది. దానిని జెడ్ ప్రైము అందురు. అది ఇంతవఱకు ఎచ్చటను కనబడలేదు.

ఈ విషయము తరగతిలో చెప్పునపుడు సాధారణముగా ఒక ప్రశ్న వచ్చుచుండును. "అయ్యా, ఆ కణము ఉన్నదో లేదో తెలియదు. దాని కొలతలు మనమే కల్పించుకొనుచున్నాము. అట్లయినచో ఏ అంకె వేసినను ఒకటే కదా?" ప్రశ్న మంచిదే. ఈ వ్యాసమంతయు దానికి ప్రత్యుత్తరము. ఆ ప్రత్యుత్తరమును ఒక్క వాక్యమున చెప్పవలెనన్న నిట్లు చెప్పవచ్చును: ఊహించుటకు మనకు స్వేచ్ఛ కలదు గాని, కొన్నింటిని ఊహించిన పిమ్మట మిగిలినవానిని ఊహించుటకు స్వేచ్ఛ లేదు, వానిని లెక్కకట్టి తీరవలయును.

అసలు లేని కణమునకు అంకెలు ఎందుకు? ఇట్టి బరువైన కణము పుట్టిన క్షణముననే క్షయించి తేలికైన కణములుగా మాఱిపోవును. దానిని నేరుగా చూచుట ఎవరి తరము కాదు. దాని శకలములు మాత్రమే యంత్రములకు చిక్కును. కావున అది యున్నచో శకలములు ఎట్లుండునో, ఎన్నిమాఱులు కనబడునో ముందుగనే తెలిసికొనవలయును. దీనికై కంప్యూటరులో ఢీకొనుటలను లక్షలకొలది అనుకరింతురు. ప్రకృతిలో ఈ మార్పులు పాచికలు పడినట్లు సంభావ్యతనుబట్టి జరుగును గనుక, కంప్యూటరును గూడ పాచికలు వేయునట్లు చేసి లెక్కింతురు. ఈ పద్ధతికి మాంటి కార్లో పద్ధతియని పేరు. మెట్రొపోలిసు, ఉలాము అనువారు 1949లో ఆ పేరుతోనే వ్యాసమును ప్రకటించిరి. మాంటి కార్లో జూదశాలకు ప్రసిద్ధిగన్న ఊరు. ఈ అనుకరణమునకు ముందుగా కంప్యూటరునకు ఒక పట్టిక నీయవలయును: కణము ద్రవ్యరాశి ఎంత, ఇతర కణములతో దాని సంయోగ బలము ఎంత, దాని వెడల్పు ఎంత. ఈ అంకెలనే పరామితులందురు.

వీనిలో వెడల్పు అను మాట క్రొత్తది గనుక కొంచెము వివరింతుము. ఎక్కువ కాలము జీవించని కణముల ద్రవ్యరాశిని పలుమాఱులు కొలిచినచో ప్రతిమాఱును ఒకే అంకె రాదు. కొలతలన్నిటిని గళ్ల కాగితముపై గుర్తించినచో ఒక కొండవంటి ఆకారము ఏర్పడును. కొండ శిఖరము కణము ద్రవ్యరాశిని చూపును. సగము ఎత్తున కొండ ఎంత వెడల్పుగా నున్నదో అదియే కణము వెడల్పు. ఈ కొండ ఆకారమును తెలుపు సూత్రమును బ్రైటు, విగ్నరు అను శాస్త్రజ్ఞులు 1936లో వ్రాసిరి. కణము ఎంత త్వరగా క్షయించునో దాని కొండ అంత వెడల్పుగా నుండును. జెడ్ బోసాను వెడల్పు 2.495 గిగాలు. దాని ఆయువును సెకనులలో వ్రాయవలెనన్న, దశాంశ బిందువు తరువాత 24 సున్నలు చుట్టి ఆపైన 26 అని వ్రాయవలయును.

కణము ఎంత త్వరగా క్షయించునో దేనినిబట్టి యుండును? చిల్లులుగల కుండను తలంచుకొనుడు. ఒక్కొక్క చిల్లునుండి కొంత నీరు కాఱును. కుండ ఎంత త్వరగా వట్టిపోవుననుట చిల్లులన్నిటి కాఱుడును కలిపిన మొత్తమునుబట్టి యుండును. అట్లే కణము క్షయించుటకు ఎన్ని దారులున్నవో, ఒక్కొక్క దారి ఎంత పెద్దదో లెక్కించి కలిపినచో మొత్తము వెడల్పు వచ్చును. దారి ఎంత పెద్దదనుట సంయోగ బలమును ద్రవ్యరాశిని బట్టి యుండును. అనగా ద్రవ్యరాశిని, సంయోగ బలములను మనము నిర్ణయించిన క్షణముననే వెడల్పు తనంతట తానే నిర్ణయమైనది. అది మన యిష్టము వచ్చినట్లు వ్రాసికొను అంకె కాదు.

ప్రకృతి ఈ లెక్కను ఎంత నమ్మకముగా పాటించునో చూపు నిజమైన నిదర్శన మొకటి కలదు. పైన చెప్పిన సొరంగముననే 1989 మొదలు 2000 వఱకు లెప్ అను పూర్వపు యంత్రము నడచెను. అందు ఎలక్ట్రానులను పాజిట్రానులతో ఢీకొట్టించి జెడ్ బోసానులను లక్షలకొలది పుట్టించిరి. దాని మొత్తము వెడల్పు 2495 మెగాలని కొలిచిరి. అందు క్వార్కుల దారుల వాటా 1744 మెగాలు. ఎలక్ట్రాను, మ్యుయాను, టౌ అను మూడింటికి ఒక్కొక్కదానికి సుమారు 84 చొప్పున 252 మెగాలు. ఈ రెండింటిని మొత్తమునుండి తీసివేసినచో 499 మెగాలు మిగులును. ఇవి ఎచ్చటికి పోయినవి? యంత్రములకు చిక్కని న్యూట్రినోలుగా పోయినవి. ఒక్కొక్క జాతి న్యూట్రినోకు సిద్ధాంతము చెప్పు వాటా 167 మెగాలు. 499ని 167చే భాగించి చూడుడు. సరిగా 3కు మిక్కిలి దగ్గఱగా వచ్చును. కంటికి గాని యంత్రమునకు గాని కనబడని తేలికపాటి న్యూట్రినోల జాతులు మూడేయని, నాలుగవది లేదని, జమాఖర్చు లెక్కవలననే తేలినది. లెక్క పొందికగా నున్నచో కనబడనిది సైతము తన యునికిని చెప్పును.

ఇక మన ఊహా కణమునకు వత్తము. జెడ్ ప్రైమునకు సంయోగ బలములు జెడ్ బోసానుకున్నట్లే యుండునని అనుకొందము. దాని ద్రవ్యరాశి 1000 గిగాలైనచో వెడల్పు ఎంత? బలములు మాఱనప్పుడు వెడల్పు ద్రవ్యరాశితో సమానుపాతమున పెరుగును. కావున 2.495ను 1000చే గుణించి 91.19చే భాగించినచో సుమారు 27.4 గిగాలు వచ్చును. కాని ఇచట ఒక మెలిక కలదు. టాప్ క్వార్కు ఒకటి 173 గిగాలు గనుక జంటకు 346 కావలయును. 91 గిగాల జెడ్ బోసానుకు ఆ దారి మూసియున్నది. 1000 గిగాల అన్నకు తెఱచియున్నది. ఆ క్రొత్త దారి వాటాను గూడ కలిపినచో వెడల్పు సుమారు 30 గిగాలగును, అనగా ద్రవ్యరాశిలో నూటికి మూడు వంతులు.

ఒక విద్యార్థి ఈ అంకెలతో అనుకరణము సరిగా జరిపెననుకొందము. మఱునాడు 3000 గిగాల కణమును పరీక్షింపగోరి పట్టికలో ద్రవ్యరాశిని మాత్రము దిద్ది, వెడల్పు గడిలో 30ని అట్లే విడిచెను. సరియైన వెడల్పు 90. కంప్యూటరు ఏమియు ఆక్షేపింపదు. అది ఒక్కొక్క దారి పరిమాణమును క్రొత్త ద్రవ్యరాశినిబట్టి సరిగానే లెక్కించును. మొత్తమును మాత్రము పట్టికలో వ్రాసిన 30 అనియే తీసికొనును. మ్యుయానుల జంటగా మాఱు దారి సుమారు 2.7 గిగాలు. అది 90లో నూటికి 3 వంతులు; 30లో నూటికి 9 వంతులు. ఇట్లే ప్రతి వాటాయు మూడింతలగును. వాటాలన్నిటిని కలిపినచో నూటికి మూడువందలు వచ్చును! ముప్పది బస్తాల ధాన్యపు రాశిని పంచి తొంబది బస్తాలు ఇచ్చితినని చెప్పు గుమాస్తాను ఏ రైతు నమ్మును? కాని కంప్యూటరు అచ్చువేసిన అంకెను నమ్మువారు మెండు. బియ్యము మూడింతలు పోసి ఎసరు మఱచిన వంటవాడు ఇచ్చట తిరిగి కనబడుచున్నాడు.

ఇందువలన కలుగు నష్టము చిన్నది కాదు. శాస్త్రజ్ఞులు ఒక కణము లేదని చెప్పు విధానము ఎట్టిదనగా: ఈ ద్రవ్యరాశిగల కణము ఉండినచో ఇన్ని సంఘటనలు కనబడవలసియుండెను, కనబడలేదు, కావున అట్టి కణము లేదు. 2015 మొదలు 2018 వఱకు సేకరించిన కొలతలను ఇట్లు పరీక్షించియే అట్లాసు, సి.ఎం.ఎస్. అను రెండు పరిశోధక బృందములు పైన వర్ణించిన రకపు జెడ్ ప్రైము సుమారు 5 టెరాలకు లోపల లేదని ప్రకటించినవి. కణము బరువు పెరిగినకొలది కనబడవలసిన సంఘటనల సంఖ్య వేగముగా తగ్గును. ఎచ్చట ఆ సంఖ్య యంత్రము పట్టుకొనజాలినంతకంటె తక్కువగునో అచ్చటనే 'లేదు' అను మాటకు హద్దు. ఆ బృందములు లెక్కలను పలుమాఱులు సరిచూచుకొనును. కాని ఒంటరిగా పనిచేయు ఒకరు క్రొత్త సిద్ధాంతమునకు అనుకరణము చేయుచు, పాత వెడల్పును విడిచినందున 10 సంఘటనలు రావలసినచోట 30 వచ్చునని లెక్కించినయెడల, హద్దును అర్హతకు మించి దూరము జరుపును. నిజముగా వెదకని తావునందు వెదకితిననియు, అచట ఏమియు లేదనియు చెప్పినవాడగును. ఆ మాట నమ్మి ఇతరులు ఆ తావును చూడకుండ విడువవచ్చును. తప్పు రెండవ ప్రక్కకు జరిగినయెడల, అనగా 3000 నుండి 1000కి దిగి 90ని అట్లే యుంచినయెడల, వాటాలు మూడవ వంతుకు తగ్గి, కనబడదగిన కణమును కనబడదని నిరాశచేసికొందుము. 'ఉన్నది' అని చెప్పువాడు వస్తువును చూపవలయును; 'లేదు' అని చెప్పువానికి చూపుటకు తన లెక్క తప్ప వేఱొకటి లేదు. కావున ఆ లెక్క నిర్మలముగా నుండవలయును.

వెడల్పు విషయమున మఱియొక హెచ్చరిక. సంయోగ బలము రెండింతలైనచో వెడల్పు నాలుగింతలగును, మూడింతలైనచో తొమ్మిదింతలగును. 1000 గిగాల కణమునకు బలములను మూడింతలు చేసినచో వెడల్పు 270 గిగాలు. అప్పుడు కొండ కొండగా నుండక మైదానములోనికి పఱచుకొనిపోవును. సన్నని కొండకై వ్రాసిన సులభ సూత్రములు దానికి చెల్లవు. అట్టి వేళ చిన్న వెడల్పును వ్రాసి పని గడుపుకొనరాదు. లెక్కించిన అంకె మన ఊహయే హద్దుమీఱినదని చెప్పుచున్నది. ఆ మాట వినవలయును.

పొందిక తప్పుటకు రెండవ తావు తెలిసిన కణముల పరామితులలోనే కలదు. లంబకోణ త్రిభుజమును గీయుడు. కర్ణమును జెడ్ ద్రవ్యరాశియగు 91.19గాను, భూమిని డబ్ల్యూ ద్రవ్యరాశియగు 80.37గాను తీసికొనినచో నడిమి కోణము సుమారు 28.2 డిగ్రీలు వచ్చును. ఈ కోణము విద్యుద్బలమునకు, క్షీణబలమునకు గల కలయికను తెలుపునది. జెడ్ క్షయించు తీరునుబట్టి ఈ కోణమును వేఱొక విధముగా కొలిచినచో సుమారు 28.8 డిగ్రీలు వచ్చును. ఆ కోణముతో త్రిభుజమును గీసినచో భూమి 79.9 మాత్రమే యగును. కొలతలు తప్పా? కాదు. క్వాంటము సిద్ధాంతము చెప్పు సూక్ష్మమైన దిద్దుబాట్లు రెండు విధములను వేర్వేఱుగా అంటుకొనును. వానిని లెక్కలోనికి తీసికొనని సులభ సూత్రములో మూడు అంకెలను ఒకేమాఱు ఇమిడ్చినచో త్రిభుజము మూతపడదు. రెండు భుజములిచ్చిన పిమ్మట కోణమును లెక్కింపవలెనే గాని గ్రంథమునుండి ఎత్తి వ్రాయరాదని జ్యామితి చదివిన ప్రతి విద్యార్థికి తెలియును.

ఈ అరడిగ్రీ భేదమువలన ఏమి కొంప మునుగునని అడుగవచ్చును. ఎలక్ట్రాను, పాజిట్రాను ఢీకొని రెండు డబ్ల్యూలు పుట్టుటకు ముఖ్యమైన దారులు మూడు. ఒక్కొక్క దారిని విడిగా లెక్కించినచో శక్తి పెరిగినకొలది ఫలము అసంభవమగునంతగా పెరుగును. మూడింటిని కలిపినచో ఒకదాని నొకటి రద్దుచేసికొని ఉచితమైన ఫలము నిలుచును. లెప్ యంత్రమున 1996 తరువాత దీనిని కొలిచి నిజమని చూచిరి. పరామితులు పొందికగా లేనిచో ఈ రద్దు పూర్తిగా జరుగక చిన్న శేషము మిగులును. ఆ శేషము శక్తితోకూడ పెరిగి, బరువైన కణములను వెదకు గొప్ప శక్తులవద్ద, లేని క్రొత్త కణమువలె కనబడి మోసగింపవచ్చును. అందుచేతనే వాడుకలో జెడ్ ద్రవ్యరాశి, మ్యుయాను ఆయువునుండి వచ్చు ఫెర్మీ స్థిరాంకము, విద్యుత్ సంయోగ బలము అను మూడింటిని మాత్రము బయటినుండి తీసికొని, డబ్ల్యూ ద్రవ్యరాశిని, కోణమును వానినుండి లెక్కకట్టుదురు. వేఱు మూడింటిని ఎన్నుకొనినను దోషము లేదు. నాలుగవదానిని చేర్చుటయే దోషము.

ఇట్టి పొరపాట్లను తగ్గించుటకు పండితులు మంచి యేర్పాటు చేసిరి. ఫ్రాన్సులోని ఆల్ప్స్ పర్వతముల నడుమ లెజూష్ అను చిన్న గ్రామము కలదు. అచట జరుగు శాస్త్రజ్ఞుల సమావేశముల ఫలముగా ఊహా కణముల పట్టికను వ్రాయు పద్ధతికి 2003లో ఒక ఒడంబడిక వెలసినది. ద్రవ్యరాశులు ఒక భాగమున, బలములు మఱియొక భాగమున, వెడల్పును క్షయ దారుల వాటాలును వేఱొక భాగమున, అందఱి ప్రోగ్రాములును చదువగల రీతిని వ్రాయవలయునని అందు నిర్ణయించిరి. ఒకే పట్టిక చేతులు మాఱినప్పుడు అంకెలు తాఱుమాఱు కాకుండుట దీని ప్రయోజనము. కొన్ని ప్రోగ్రాములలో వెడల్పు గడిలో అంకెకు బదులుగా నీవే లెక్కించుకొనుమను ఆజ్ఞను వ్రాయు వీలును కలదు. ఐనను మనుష్యుని జాగ్రత్తకు బదులు ఏదియు లేదు.

కావున ఈ పనిలో దిగువారు పాటింపదగిన నియమములు కొన్ని చెప్పెదము. మొదటిది, మనము ఎన్నుకొనిన అంకెలేవో, వానినుండి లెక్కించినవి ఏవో వేర్వేఱు వరుసలలో వ్రాసికొనవలయును. రెండవది, ఎన్నుకొనినదానిని ఒక్కదానిని మార్చినను లెక్కించినవానినన్నిటిని తిరిగి లెక్కింపవలయును. మూడవది, వాటాలన్నిటిని కలిపి మొత్తము ఒకటి యగునో లేదో చూడవలయును. నాలుగవది, కణము పుట్టుకను దాని వాటాచే గుణించి, మొత్తము ప్రక్రియను ఒకేమాఱు లెక్కించగా వచ్చిన ఫలముతో పోల్చవలయును. సన్నని కణమునకు రెండును దాదాపు సరిపోవలయును. ఐదవది, తెలియని కణమునకు ముందుగా తెలిసిన జెడ్ బోసానునే అనుకరించి 91.19, 2.495 అను అంకెలు తిరిగి వచ్చునో లేదో చూడవలయును. తెలిసినదానిని సరిగా చెప్పలేని లెక్క తెలియనిదానిని చెప్పునని నమ్మరాదు.

మన విద్యార్థులలో ఎందఱు సెర్న్‌వంటి పరిశోధనాలయములకు పోవుదురో చెప్పలేము. ఒకరైనను పోవుదురుగాక యని కోరుచున్నాము. కాని ఈ పాఠము వారికొక్కరికే కాదు. ప్రయోగశాలలో లోలకపు పొడవును మార్చి, పాత డోలనకాలమును నిన్నటి పుటనుండి ఎత్తి వ్రాయు బాలుడును, ఇంటి జమాఖర్చులో ఒక పద్దును దిద్ది మొత్తమును దిద్దని గృహస్థుడును చేయు తప్పు ఇదియే. కనబడని కణమును గుఱించి మాటలాడునపుడు మనలను సరిదిద్దుటకు ఎదుట వస్తువు లేదు. మన అంకెల పొందికయే మనకు సాక్షి. ఊహ ఎంత దూరమైనను పోవచ్చును. దాని వెంట లెక్కయు అంత దూరము నడువవలయును.